మెడలో గడ్డ, ఒళ్ళో గాజు పలకలు

మా రేపల్లెలో ఎవరినైనా హిందూపురం ఎక్కడుందని అడగండి. "బెంగుళూరు పక్కన కదూ" అంటారు. అంతకుమించి ఎవరికీ తెలీదు, మొన్నటిదాకా నాకూ తెలీదు. ఆషాఢంలో అటు వెళ్ళొచ్చాను. రోజంతా గాలి, నెత్తిమీద కదిలిపోయే మబ్బులు, వాన రాదు గానీ వాన వాసన మాత్రం వస్తూనే ఉంటుంది. అక్కడున్నన్నాళ్ళూ నిద్రలో నడిచినట్టే తిరిగాను. ఏది చూశానో, ఏది రైల్లో కునుకు తీస్తూ కలగన్నానో ఇప్పుడు విడదీయమంటే నావల్ల కాదు. అటు వెళ్ళనివాళ్ళ కోసం, గుర్తున్నంత మటుకు రాస్తున్నాను.

నేను జాకెట్లు కుడతాను. పొద్దున లేస్తే మెడలో టేపు వేసుకుంటాను, పడుకునేముందు తీస్తాను. ఆ టేపు సర్దుకుంటుండగానే ఒకరోజు ఎడమవైపు, మెడ ఎముక మీద, వేలికి ఏదో తగిలింది. రేగుపండంత ఉంది. నొప్పి లేదు. మా ఊళ్ళో సూదిపరీక్ష చేశారు. నేను లోపల మెడకి దూది అదుముకుని కూర్చున్నాను. బయట "పేషెంటు తాలూకు ఎవరండీ?" అని కేకేస్తే మా ఆయనా, వాళ్ళ అన్నయ్య మా బావగారూ లేచి వెళ్ళారు. నా మెడలో ఏముందో నాకంటే ముందు మా ఆయనకి తెలిసింది, ఆయనకంటే ముందు బావగారికి తెలిసింది. మా ఇంట్లో వరస అంతే, పెళ్ళి ముహూర్తమైనా, కరెంటు మోటారైనా ముందు బావగారే. "చెడు కణాలేమీ కనపడలేదట" అని వరండాలోంచే ప్రకటించేశారు. సాయంత్రానికి వీధిలో లడ్డూలు పంచారు. నేనూ రెండు తిన్నాను.

గడ్డకి మాత్రం ఆ కబురు అందలేదు. రేగుపండు నిమ్మకాయ అయింది. ఫ్రిజ్ మీద పడున్న రిపోర్టుని ఫోటో తీసి షమీమ్‌కి పంపాను. షమీమ్, నేనూ గుంటూరు హాస్టల్లో ఒకే గదిలో ఉండి ఇంటర్ చదివాం. అది డాక్టరయింది, ఉండేది హిందూపురంలో. సూదితో తీసిన కణాల్ని మైక్రోస్కోపులో చూసి జబ్బు చెప్పే డాక్టరు. నాకు పెళ్ళయింది.

"ఏమే సుగుణా, ఏం కనపడలేదో రాసినారు. ఏం కనపడిందో యాడ రాసినారు?" అంది ఫోన్ చేసి.

మళ్ళీ చదివాను. నిజమే, ఎక్కడా లేదు.

"ఒట్టి రక్తం వచ్చుంటాది. రక్తంలో చెడు కణాలు లేవంటే గడ్డలో లేవనా? నువ్వు ఈడికి రా."

బావగారు "రిపోర్టు బాగానే ఉందిగా, ఆషాఢం పోనివ్వండి, శ్రావణంలో చూద్దాం" అన్నారు. మా ఆయన అటూ ఇటూ చూసి, "నీ తృప్తి కోసం వెళ్ళిరా" అన్నారు. సరే, నా తృప్తి కోసమే బయల్దేరాను.

హిందూపురం

రైలు దిగేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. జూలైలో శాలువా కప్పుకున్న మనుషుల్ని నేను అక్కడే మొదటిసారి చూశాను. టీ బండి దగ్గర ఒకాయన కన్నడంలో మొదలుపెట్టి తెలుగులో ముగించాడు. ఎదుటివాడు తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించాడు. ఇద్దరూ హాయిగా నవ్వుకున్నారు. నాకు మాత్రం కల మధ్యలో మేలుకున్నట్టు సగమే అర్థమైంది. "చిల్లర దుడ్లు ఉండాయామ్మా?" అని అడిగితే, ఆ దుడ్లంటే డబ్బులని తెలుసుకోవడానికి కాసేపు పట్టింది.

షమీమ్ నన్ను ఆస్పత్రికి కాకుండా ముందు ఉగ్గాని హోటలుకి తీసుకెళ్ళింది. మనం మరమరాలంటాం, వాళ్ళు బొరుగులంటారు. వాటిని నీళ్ళలో తడిపి, పిండి, ఉల్లిపాయలు వేసి తాలింపు పెట్టి, పైన పుట్నాలపొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జి. ముప్పై రూపాయలు. మా వైపు పొద్దున్నే బజ్జీ తింటే కడుపులో మంటని మూడు రోజులు చెప్పుకుంటాం. ఇక్కడ చంటిపిల్లల తల్లులు కూడా కిక్కురుమనకుండా తింటున్నారు. నేనూ తిన్నాను, కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ తిన్నాను.

"బాగుండాదా?"

"చంపేస్తోంది. ఇంకో బజ్జీ చెప్పు."

ఆ బల్ల మీదే నాకు లెక్క చెప్పింది. ఇదివరకు ఒక్కో డాక్టరు ఒక్కో రకంగా రాసేవాళ్ళట. ఒకరు 'అనుమానం' అంటే పెద్ద అనుమానం, ఇంకొకరు 'అనుమానం' అంటే చిన్న అనుమానం. చదివే సర్జన్‌కి ఏది ఎంతో తెలిసేది కాదు. ఇప్పుడు మెడలో, చంకల్లో వచ్చే ఈ లింఫు గడ్డల సూదిపరీక్షకి అందరూ ఒకేలా రాసుకోవాలని అయిదు గళ్ళు పెట్టుకున్నారు. షమీమ్ చేతివేళ్ళు మడిచింది.

"ఒకటి, చాలినంత పదార్థం రాలేదు, మళ్ళీ గుచ్చాల. రెండు, భయపడే పనిలేదు. ఇన్ఫెక్షనో, టీబీనో, ఊరికే ఉబ్బిందో, దాని మందు దానికి. మూడు, కణాలు కొంచెం తేడాగా ఉండాయి, గట్టిగా చెప్పలేము. నాలుగు, అనుమానం గట్టిది. అయిదు, క్యాన్సరే. ఏ గడి అయినా, అందులో పడినోళ్ళకి క్యాన్సర్ ఉండే అవకాశం యెంత, తర్వాత ఏం చెయ్యాల, రెండూ ఒకే మాటగా ఉంటాయి. ఈడ రాసినా, బెంగుళూరులో చదివినా అదే అర్థం."

"మరి మా ఊరి రిపోర్టు?"

"ఒకటో గడి. మీ బావ రెండో గడి అని చదువుకున్నాడు. ఒకటంటే ఏమీ లేదని కాదు, మాకు తెలీలేదని. అందులో కూడా క్యాన్సర్లు ఉంటాయే."

లడ్డూలు గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. అంతవరకూ భయపడటానికి కూడా నా వంతు రాలేదు.

ఆస్పత్రిలో షమీమే నా మెడలో సూది గుచ్చింది. సన్నటి సూది, నేను జాకెట్టు హుక్కులు కుట్టే సూదికన్నా సన్నం. తీసినదాన్ని గాజు పలకల మీద పరిచింది, రంగులు వేసింది, ఒక పలకని వెంటనే చూసి "ఈసారి చాలినంత వచ్చింది" అంది. మర్నాడు పొద్దున మిగతా పలకలు కూడా చూసి, తన మాట ఒక కాగితం మీద రాసి కవరులో పెట్టి అంటించింది.

"ఏ గడి?" అన్నాను.

"చెప్పను. ధర్మవరంలో రామాంజనేయులు గారని మా సీనియర్ ఉండారు. పలకలు ఆయన దగ్గరికి తీసుకపో. నేనేం రాసినానో ఆయనకీ చెప్పను. నీ పలక చూసేటప్పుడు నా కన్ను మెత్తబడతాది సుగుణా. నీది రెండో గడిలో పడితే బాగుండునని చూస్తాది. అట్ల చూడకూడదు."

దాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రి నిద్రపోలేదనుకుంటా. కవరు సంచిలో వేసుకుని, అది కట్టిచ్చిన పలకల అట్టపెట్టె తీసుకున్నాను.

రైల్లో

ధర్మవరం డాక్టరు మర్నాటికి గానీ ఊళ్ళో ఉండరన్నారు. మధ్యలో పెనుకొండలో దిగి మేనత్త ఇంట్లో ఒక రాత్రి ఉండమంది షమీమ్. పాసింజరు రైలు ఖాళీగా, నెమ్మదిగా వెళ్ళింది. కిటికీలోంచి మల్బరీ తోటలు, గుండ్రాళ్ళ కొండలు. మా వైపు కనుచూపు మేరా పచ్చటి చదును. ఇక్కడ నేల అంతా ఎవరో ఆడుకుని సర్దకుండా వదిలేసినట్టుంది. మబ్బు నీడలు ఆ రాళ్ళ మీద పాకుతుంటే నాకు కళ్ళు మూతలు పడ్డాయి. అట్టపెట్టె మాత్రం రెండు చేతులతో ఒళ్ళో పట్టుకునే ఉన్నాను.

ఎదురు సీట్లో పూలబుట్టతో ఒకామె. నన్ను చాలాసేపు చూసింది.

"ఏముండాదమ్మా దాంట్లో, అంత పదిలంగా పట్టుకోనుండావు?"

అబద్ధం చెప్పే ఓపిక లేక, "నా మెడలో గడ్డ నుంచి తీసింది, పరీక్షకి తీసుకెళ్తున్నా" అన్నాను.

మా వైపు రైల్లో అయితే ఈపాటికి బోగీ అంతా నా చుట్టూ చేరి, ఎవరెవరి మేనత్తకి ఏమైందో చెప్పేసేవాళ్ళు. ఈమె తన కొంగు పక్కకి జరిపి మెడ చూపించింది. చెవి కింద పాత వాత మచ్చ, రూపాయి బిళ్ళంత.

"నా చిన్నప్పుడు మెడలో గడ్డలొస్తే గండమాల అని కాల్చి వాత పెట్టినారు. తగ్గలే. తర్వాత గవర్నమెంటు ఆస్పత్రిలో మాత్రలు మింగితే తగ్గింది. నువ్వు వాత మాత్రం పెట్టించుకోవద్దు, వట్టి నొప్పి."

కనకాంబరాలు కొలిచిచ్చింది. మా ఊరి పూలమ్మాయి మూర కొలిచేటప్పుడు మోచెయ్యి ముడుచుకుంటుంది. ఈమె చెయ్యి బారుగా చాచి కొలిచింది. డబ్బులివ్వబోతే తీసుకుంది కూడా. ఊరికే ఇస్తే నేను జబ్బుమనిషినని జాలిపడ్డట్టు ఉండేది. తీసుకున్నందుకు నాకు చాలా సంతోషమేసింది.

పెనుకొండ

షమీమ్ మేనత్త పేరు మస్తానమ్మ. బస్టాండు దారిలో గాజుల కొట్టు. అరవై దాటింది, గొంతు గట్టిది. నా అట్టపెట్టె తెరిచి చూసి, "ఇట్లనా కట్టేది? ఆ పిల్లకి చదువొచ్చుగానీ గాజు కట్టడం రాదు" అని విసుక్కుంది. పలకపలకకీ మధ్య కాగితం మడిచి పెట్టి, చుట్టూ గుడ్డపీలికలు కూరి, గాజుల పెట్టెలో పెట్టి అలమారలో దాచింది. ఎర్రగాజుల పెట్టెకీ పచ్చగాజుల పెట్టెకీ మధ్య నా పలకలు. ఆ అలమార వైపు చూసినప్పుడల్లా నాకు గుండెల్లో దడ కొంచెం తగ్గేది.

సాయంత్రం కోట చూసి రమ్మంది. కొండ సగం దాకా ఎక్కాను. గోడల మధ్య గడ్డి మొలిచి గాలికి ఊగుతోంది. రాజులు వేసవికి ఇక్కడికి వచ్చేవాళ్ళట. వాళ్ళకీ ఈ గాలే తగిలి ఉంటుంది. ఒక రాయి మీద కూర్చుంటే కింద ఊరు, హైవే, దాని మీద లారీలు, చప్పుడు లేకుండా పోతున్నాయి. నేను కూడా చప్పుడు లేకుండా పోవచ్చేమో అనిపించింది. ఏడుద్దామనుకున్నాను. అంతలో ఒక కోతి వచ్చి, నేను విప్పి పక్కన పెట్టిన చెప్పు ఒకటి పట్టుకుని గోడెక్కింది. అరిస్తే నా వైపు చూసి చెప్పు వాసన చూసింది, నచ్చక అటు లోయలోకి విసిరేసింది. ఒంటి చెప్పుతో కొండ దిగాను. ఏడుపు సంగతే మర్చిపోయాను.

రాగి సంగటి, వంకాయ పులుసు, చెనిక్కాయల చట్నీ, అంటే మన వేరుశనగ పచ్చడి, పెట్టింది మస్తానమ్మ. సంగటి నమలకూడదట, పులుసులో ముంచి మింగాలట. నేను అన్నంలా నమిలాను. నా పళ్ళకంటుకున్న సంగటి చూసి ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత చేతులు కడుక్కుంటూ, నేనేమీ అడక్కుండానే చెప్పింది.

"మా ఇంటాయనకి కూడా గొంతు పక్కన గడ్డే. డాక్టరు మా పెద్దోన్ని బయటికి పిలిచి చెప్పినాడు. వాడు నాకు చెప్పినాడు. ఆయనకి మాత్రం యెవురమూ చెప్పలే. చెప్తే భయపడతాడని."

"ఆయనకి తెలీనే తెలీదా?"

"తెలీదు. ఆఖరికి లేవలేకుండా పండుకోనుండి కూడా, వచ్చే యేడు పైచేనులో చెనిక్కాయలు యేద్దామా, కందులు యేద్దామా అని నన్నడిగినాడు. నేనేమి చెప్పేది? కందులు యేద్దాం లే అన్నా. తనకేమైతాందో అందురికీ తెలుసు, ఆయప్పకి తప్ప. అది పాపం సుగుణమ్మా. ఇంతకాలమైనా దారిలో కందిచేను వస్తే నేను తల తిప్పుకోని పోతా."

ఆమె పళ్ళెం తీసుకుని లేచింది. నేను తడి చేతులతో అట్లాగే కూర్చున్నాను. బావగారు గుర్తొచ్చారు. ఆయన చెడ్డవారు కాదు, మా పిల్లల ఫీజులు కట్టారు, నా షాపు అద్దెకి హామీ ఉన్నారు. రేపు ధర్మవరంలో చెప్పే మాట ముందు ఆయన చెవిన పడితే, ఆయన మంచితనంతోనే నాకు దాచిపెట్టి, శ్రావణం దాకా, ఆ తర్వాత కార్తీకం దాకా జరుపుతారు. నేను షాపులో కూర్చుని హుక్కులు కుట్టుకుంటూ ఉంటాను. ఆ రాత్రి నాకు క్యాన్సరు కన్నా ఆ ఊహే ఎక్కువ భయమనిపించింది.

ధర్మవరం

ధర్మవరంలో దిగితే ముందు చెవులకి తెలుస్తుంది ఏ ఊరో. సందుసందునా మగ్గాల చప్పుడు. అరుగుల మీద రంగు రంగుల పట్టుదారం చిలపలు ఆరేసి ఉన్నాయి. గాలికి అవి కదులుతుంటే వీధి మొత్తం నీళ్ళలో ఉన్నట్టు కనిపించింది. పట్టు చూస్తే ఆగలేను కదా, ఒక గుమ్మం దగ్గర నిలబడి అంచు తడిమాను. మా ఊళ్ళో ఈ చీరకి జాకెట్టు కుట్టించుకునేవాళ్ళు చెప్పే ధరకీ, మగ్గం మీద కూర్చున్నాయన చెప్పిన కూలికీ పొంతనే లేదు. "కొంటావామ్మా?" అన్నాడు. "ఇవ్వాళ కాదన్నా, ఇవ్వాళ నా దగ్గర వేరే సరుకుంది" అన్నాను.

రామాంజనేయులు గారి గది ఒక సందులో, మేడ మీద ఉంది. తెల్లజుట్టు, మెల్లగా మాట్లాడే మనిషి. మస్తానమ్మ కట్టిన పెట్టె విప్పి, "యెవురు కట్టినారో గానీ బాగా కట్టినారు" అన్నారు. నన్ను బయట బెంచీ మీద కూర్చోమన్నారు. కింద మగ్గం ఆడుతోంది. ఆ చప్పుడుకి నాకు మళ్ళీ కునుకు పట్టింది. కలలో మా షాపులో ఎవరో జాకెట్టు కొలతలిస్తున్నారు, నేను టేపు వెతుక్కుంటున్నాను, అది నా మెడలోనే ఉంది.

తలుపు తెరిచిన చప్పుడుకి మెలకువ వచ్చింది.

"పేషెంటు తరపున యెవురొచ్చినారమ్మా?"

"నేనేనండి పేషెంటుని."

ఆయన నా వెనక, మెట్ల వైపు చూశారు. "ఒక్కరే వచ్చినారా? ఇంటాయనకి ఫోన్ చేసివ్వండి, నేను మాట్లాడతా."

ఆయన మాట తీరులోనే నాకు సగం తెలిసిపోయింది. ఫోను తీశాను కూడా. మా ఆయన నంబరు మీద వేలు పెట్టాను. అప్పుడు నాకు ఎక్కడలేని కోపం వచ్చింది, డాక్టరు మీద కాదు, ఎవరి మీదో తెలీదు.

"డాక్టరుగారూ, నేను ఒక రాత్రి రైల్లో, ఇంకో రాత్రి గాజుల కొట్లో ఉండి ఇక్కడిదాకా వచ్చాను. ఈ గడ్డ మా ఆయనది కాదు. నాకే చెప్పండి. గడి నంబరుతో సహా చెప్పండి."

ఆయన నాకు కుర్చీ లాగి వేశారు, గ్లాసుతో నీళ్ళిచ్చారు. ఎదురుగా కూర్చున్నారు.

"నాలుగమ్మా. లింఫోమా అని గట్టి అనుమానం. అది లింఫు గ్రంథుల్లో వచ్చే క్యాన్సరు. సూదితో ఇంతవరకే చెప్పగలం. గడ్డ మొత్తం తీసి చూస్తే అందులో ఏ రకమో తేలుతాది. రకాన్ని బట్టి మందు. బాగయ్యే రకాలు చాలా ఉండాయి. కానీ ఆలస్యం చేయకూడదు."

షమీమ్ అంటించిన కవరు నా ముందే చించారు. అందులోనూ నాలుగే. ఇద్దరు మనుషులు, రెండు ఊళ్ళు, ఒకరి మాట ఒకరికి తెలీకుండా, ఒకే గడిలో వేశారు. "ఇంక మీరు అనుమానపడే పనిలేదు" అన్నారాయన. అనుమానం లేకపోవడం అంత బరువుగా ఉంటుందని నాకు తెలీదు.

చూస్తారా అని అడిగితే, చూస్తానన్నాను. మైక్రోస్కోపులో కన్ను పెట్టాను. ఊదారంగు చుక్కలు, కొన్ని చిన్నవి, మధ్య మధ్య పెద్దవి, ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ ఉన్నాయి. అందంగా ఉన్నాయి, అదేమిటో. అలాంటి అచ్చు పట్టు మీద వేస్తే బాగుంటుందనిపించింది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. ఆయన మైక్రోస్కోపు దీపం ఆర్పేసి, కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డారు, నా ఏడుపు అయ్యేదాకా.

మెట్లు దిగి, మగ్గం ఇంటి అరుగు మీద కూర్చుని, షమీమ్‌కి చెప్పాక మా ఆయనకి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను. మా ఊళ్ళో వచ్చింది ఒకటో గడి అని, అదంటే ఏమిటో, ఇప్పుడు నాలుగంటే ఏమిటో, గడ్డ తీయాలని.

"ఉండు, అన్నయ్యని అడిగి చెప్తాను" అన్నారు.

"అడగొద్దండీ. చెప్పండి, అంతే. గడ్డ హిందూపురంలో తీయించుకుంటున్నాను, షమీమ్ సర్జన్‌తో మాట్లాడుతోంది. నేను ఇప్పుడు రేపల్లె రైలు కాదు, హిందూపురం రైలు ఎక్కుతున్నాను. మీరు వస్తే నాకు ధైర్యంగా ఉంటుంది. రాకపోయినా తీయించుకుంటాను."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనతో నేను ఇలా మాట్లాడలేదు. లోపల మగ్గం ఆగింది. ఫోన్లో ఆయన ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"అన్నం తిన్నావా?"

"లేదు."

"తిను ముందు. ఈ రాత్రి బండికే బయల్దేరతాను. నేనొచ్చేదాకా ఆపరేషన్ గదిలోకి పోమాకు, సుగుణా. బయట నిలబడి ఆళ్ళు పిలిస్తే పలికేవాడు ఒకడుండాలి కదా."

"ఉండండి," అన్నాను. "పిలిస్తే పలకండి. ఏం చెప్పినా లోపలికొచ్చి నాకు చెప్పండి."

"చెప్తాను," అన్నారు. చెప్పారు కూడా. గడ్డ తీసిన తర్వాత వచ్చిన రిపోర్టు కాగితం మడత విప్పకుండా తెచ్చి, నా మంచం మీద పెట్టి, ముందు నన్ను చదవమన్నారు.